ఉప్పుకారాలు తెలుస్తున్నాయి, ఇంగువ తెలియడం లేదు

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. వయసు 46. ఇంట్లో కూరలు వండి అమ్ముతాను. రెండు నెలల కిందట జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి. అప్పటి నుంచి నోటికి రుచి లేదు. ఉప్పు, పులుపు, కారం తెలుస్తాయి. ఆవ పెట్టిన కూర తింటే ఘాటు నషాళానికి అంటుతుంది. ఇంగువ పోపు మాత్రం అసలు తెలియదు. నాలుక దెబ్బతిందా? మందుల షాపులో జింక్ మాత్రలు ఇచ్చారు, వాడవచ్చా?

జవాబు: మీ నాలుక బాగానే ఉందమ్మా. నాలుక పట్టేవి ఐదే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసం వంటి వాటిలో ఉండే రుచి). కారం అసలు రుచే కాదు, మంట. ఆవ ఘాటూ అంతే. ఈ రెండూ ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం ద్వారా తెలుస్తాయి. మీకు అదీ పనిచేస్తోంది. పోయింది వాసన. నమిలేటప్పుడు ఇంగువ, కరివేపాకుల వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. దాన్నే మనం రుచి అనుకుంటాం.

ముక్కు పైభాగంలో వాసన పట్టే పొరను జలుబు వైరస్‌లు దెబ్బతీస్తాయి. కరోనా రోజుల్లో ఎంతోమందికి ఇదే జరిగింది. ఆ పొరలోని నాడీకణాలకు మళ్లీ పుట్టే గుణం ఉంది కాబట్టి చాలామందికి వాసన తిరిగి వస్తుంది, కాకపోతే నెలలు పడుతుంది. మధ్యలో కాఫీ మాడినట్టో, కూర కుళ్లినట్టో అనిపించవచ్చు. కంగారు పడకండి, కోలుకునే దశలో అలా జరుగుతుంటుంది.

ముక్కుకు రోజూ అభ్యాసం చేయించండి. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం తీసుకుని, పొద్దున, సాయంత్రం ఒక్కోదాన్ని 20 సెకన్ల పాటు మెల్లగా వాసన చూడండి. అది ఇదివరకు ఎలా ఉండేదో గుర్తుచేసుకుంటూ చూడాలి. కనీసం మూడు నెలలు మానకూడదు. మొదటి వారాల్లో ఏమీ తెలియక విసుగొస్తుంది, అక్కడే ఎక్కువమంది వదిలేస్తారు.

ఒంట్లో జింక్ లోపం ఉంటే తప్ప ఆ మాత్రలతో లాభం ఉండదు. ముక్కులో వేసే జింక్ మందులైతే అసలు వద్దు, వాటి వల్లే వాసన పోయినవాళ్లున్నారు. నశ్యం అలవాటుంటే మానేయండి.

నాకు టెన్షనంతా మీ వంటింటి గురించే. వంటగ్యాస్‌కు సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని మెర్కాప్టన్ అనే ఘాటైన వాసన గల రసాయనం కలుపుతారు. అదిప్పుడు మీకు తెలియదు. పని కాగానే రెగ్యులేటర్ కట్టేయండి, వీలైతే గ్యాస్ అలారం పెట్టించండి. మిగిలిన కూర పాడైందో లేదో ఇంట్లో వేరేవాళ్లను చూడమనండి. అనుమానంగా ఉన్నది అమ్మకండి.

రెండు నెలలైంది కనుక ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. బరంపురం మెడికల్ కాలేజీ అయినా, శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రి అయినా సరే. పాలిప్ (ముక్కులో పెరిగే మెత్తని కండ), అలర్జీ, సైనస్ ఉన్నాయేమో ఎండోస్కోపీతో, అంటే సన్నని గొట్టం కెమెరాతో, చూస్తారు, ఉంటే వాటికి మందులు వేరు. ఒక ముక్కు రంధ్రమే మూసుకుపోతున్నా, రక్తం పడుతున్నా, ఈ మధ్య తలకు దెబ్బ తగిలినా, చేతులు వణుకుతున్నా ఈ వారంలోనే వెళ్లండి.