ఏ దారిన వచ్చిందో అచ్చులో చెప్పు

చి॥ అబ్బాయికి,

ఆసియా కథలకూ సంస్కృతికీ కడప నుంచే పత్రిక పెడుతున్నానని రాశావు. సంతోషం. డబ్బు సంగతి మీ నాన్న ఎలాగూ వదలడు కాబట్టి నేను ఎడిటింగ్ వరకే చెబుతా.

నీ దగ్గరికొచ్చే అనువాదాల్లో ఎక్కువ ఇంగ్లీషు మీదుగా వచ్చినవే ఉంటాయి. జపనీసో కొరియనో నేరుగా చదివి తెలుగు చేసేవాళ్లు మనకు బహు తక్కువ. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, దాచడమే తప్పు. ప్రతి కథ కిందా మూలభాష ఏది, మధ్యలో ఎవరి అనువాదం వాడుకున్నారు, తెలుగు చేసిందెవరు అన్నది అచ్చువెయ్యి. అది చెప్పని కథ ఎంత బాగున్నా పక్కన పెట్టు.

అది అడిగితే హక్కుల సంగతీ తేలుతుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు. జపాన్ కథకుడు అకుతాగవా 1927లోనే పోయాడు కదా, ఇంకేం అడ్డం అంటారు. మూలానికి అడ్డం లేదు, నిజమే. కానీ మనవాడు ఎదురుగా పెట్టుకుని తెలుగు చేసింది ఈమధ్య వచ్చిన ఇంగ్లీషు పుస్తకమైతే, ఆ అనువాదకుడి హక్కు విడిగా ఉంటుంది. వాళ్లకు రాయి. ఎన్ని కాపీలు వేస్తున్నావో, వెల ఎంతో దాచకుండా చెప్పు. జవాబు రాకపోతే ఆ కథ వెయ్యొద్దు.

ఇక వాక్యం వాక్యం చూసే పని. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం నీకు తెలిసిందే. 1820లో కడపకొచ్చిన ఆ దొర ఒక కావ్యానికి ఒక్క ప్రతిని నమ్మేవాడు కాదు. దొరికినన్ని ప్రతులు తెప్పించి, జీతాలిచ్చి పండితులను కూర్చోబెట్టి, పాఠాలు పోల్చి చూపించమనేవాడు. నువ్వూ అదే చెయ్యి. ఒక కథకు రెండు ఇంగ్లీషు అనువాదాలుంటే రెండూ తెప్పించు, హిందీలో ఉంటే అదీ పక్కన పెట్టుకో. అవి ఎక్కడ తలో మాటా చెబుతున్నాయో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, మూలభాష వచ్చినవాళ్లను ఆ ఒక్క వాక్యమే అడుగు. కథంతా చూసిపెట్టమంటే ఎవరికీ తీరదు గానీ, ఒక వాక్యమైతే సాయంత్రానికల్లా చెప్పేస్తారు.

పేర్ల దగ్గర మనకో సుఖం ఉంది. చైనా, జపాన్, కొరియా వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. 2024లో నోబెల్ వచ్చిన కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కు హాన్ ఇంటిపేరు. జపాన్ పేర్లను మాత్రం ఇంగ్లీషు పుస్తకాలు చాలావరకు తిప్పేస్తాయి. మనకేం అవసరం? అకుతాగవా ర్యునొసుకె అనే వెయ్యి. ఒకసారి ఖాయం చేసిన స్పెల్లింగ్ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. లేకపోతే కథలో అకుతాగవా, కింద పరిచయంలో అకుటగావా, విషయసూచికలో మరొకడు అవుతాడు. డీటీపీ చేసే అబ్బాయిని తిట్టి లాభం లేదు, అతని చేతికిచ్చిన ప్రతే అలా ఉంటుంది.

అన్నిటికీ ఇంగ్లీషు గడపే తొక్కాల్సిన పనీ లేదు. మంటో కథ వేస్తే ఉర్దూ నుంచే చేయించు. పెద్ద దర్గా చుట్టుపక్కల ఉర్దూ చదివి తెలుగులో రాయగల టీచర్లను వెతుకు. కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయమే ఉంది. హిందూపురం, మడకశిర వైపు వెళితే ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు. మొదటి సంచికంతా టోక్యో, సియోలే ఉండి ఇవేవీ లేకపోతే నాకు నచ్చదు, ముందే చెబుతున్నా.

సంస్కృతి మీద వ్యాసాలు పంపే లెక్చరర్లు మొదట అడిగేది ఐఎస్ఎస్ఎన్, అంటే పత్రికలకిచ్చే గుర్తింపు నంబరు, ఉందా అని. అది తీసుకో, డబ్బేమీ కట్టక్కర్లేదు. ఆ నంబరు కోసమే వచ్చిన వ్యాసం రెండో పేరాలోనే తెలిసిపోతుంది. మొహమాటపడకుండా వారంలోగా తిప్పి పంపెయ్యి.

ప్రెస్‌కు ఇచ్చేముందు ప్రూఫులు నాకొక సెట్టు పంపు. ఫోన్‌లో పీడీఎఫ్ వద్దు, కాగితం మీద తీసి బస్సు పార్శిల్‌లో వెయ్యి.

మీ పెదనాన్న