బిడ్డా, ఆ లిస్టు బట్టీ పట్టకు

బిడ్డా,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, గాంగ్లియన్ బ్లాకర్లు ఇప్పుడు ఎవరూ వాడరు కదా, పరీక్షకు వదిలేయనా" అన్నావు. వదలకు. వాటిలో ఒకటైన హెక్సామెథోనియం రాయమని ఏ వార్డులోనూ నిన్ను అడగరు, నిజమే, కానీ ఈ ఒక్కటి అర్థమైతే అటానమిక్, అంటే మన ప్రమేయం లేకుండా గుండెనూ పేగులనూ నడిపే నరాల పాఠం, దాని భయం సగం పోతుంది.

ముందు బొమ్మ గీయి. వెన్నుపాము నుంచో మెదడు కాండం నుంచో బయలుదేరిన నరం దారిలో గాంగ్లియన్ అనే నరకణాల ముడి దగ్గర ఆగి అసిటైల్‌కోలిన్ వదులుతుంది, అది అవతలి కణం మీదున్న నికోటినిక్ రిసెప్టర్‌ను పట్టుకుంటేనే సంకేతం ముందుకు పోతుంది. అటానమిక్‌లోని రెండు శాఖల్లో సింపథెటిక్ అయినా పారాసింపథెటిక్ అయినా ఇక్కడ కథ ఒకటే. గాంగ్లియన్ బ్లాకర్ ఆ రిసెప్టర్‌నే పని చేయనివ్వదు. అందుకే ఈ మందు ఇవ్వడమంటే వాడకట్టు మూల మీది ట్రాన్స్‌ఫార్మర్ బంద్ చేయడమే, బోరు మోటరు ఒక్కటే ఆపుదామన్నా ఇంట్లో ఫ్రిజ్ కూడా ఆగుతుంది. అడ్రినలిన్ వదిలే అడ్రినల్ మెడుల్లా కూడా ఆ లైన్‌దే. కాళ్లూ చేతుల కండరాలు మాత్రం కాదు, అక్కడి రిసెప్టర్ వేరే రకం. 1948లో పాటన్, జైమిస్ అనే శాస్త్రవేత్తలు తేల్చింది అదే: ఆరు కార్బన్ల గొలుసున్న మందు గాంగ్లియాను ఆపింది, పది కార్బన్లది కండరాన్ని.

సైడ్ ఎఫెక్టుల లిస్టు బట్టీ కొట్టి వైవాకు పోయి, కంటిపాప చిన్నదవుతుందని చెప్పి అందరి ముందూ తిట్లు తిన్నదాన్ని నేను. నువ్వు ఒక్కటే ప్రశ్న వేసుకో: మామూలుగా ఈ అవయవం మీద ఎవరి పెత్తనం? అది పోతే ఏమవుతుంది? రక్తనాళాలు, చెమట సింపథెటిక్ చేతిలో. గుండె వేగం, కంటిపాప, లాలాజలం, పేగులు, మూత్రాశయం పారాసింపథెటిక్ చేతిలో.

మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కు నువ్వూ వచ్చావు కదా. ఘాటుకు కళ్లలో నీళ్లు, ముక్కు కారడం, నోట్లో నీరు, ఎండకు ఒళ్లంతా చెమట. ఈ మందు బాగా ఎక్కిన హమాలీ ఒకడు అక్కడ ఉన్నాడనుకో, అతనికి ఇవేవీ సరిగా రావు. పాపలు పెద్దవై వెలుతురు చూడలేడు, దగ్గరి చూపు మసకై చేతిలో తక్‌పట్టీ చీటీ చదవలేడు, నోరు ఎండిపోయి ఉంటుంది, గుండె దడ, పేగులు మందగించి మలబద్ధకం, మూత్రం ఆగిపోతుంది. బస్తా మీద కూర్చున్నవాడు గబుక్కున లేస్తే కళ్లు తిరిగి పడతాడు, ఎందుకంటే నిలబడగానే బిగుసుకోవాల్సిన రక్తనాళాలకు ఆ కబురే అందలేదు. మగవాళ్లకు అంగస్తంభన కూడా దెబ్బతింటుంది. పేషెంట్లు ఆ మాట బయటికి చెప్పరు, మందు మానేస్తారు, అందుకే నువ్వే అడగాలి.

ఇన్ని బాధలతోనూ ఎందుకిచ్చారంటే, 1950ల్లో ప్రాణం మీదికొచ్చిన బీపీకి అంతకు మించి దిక్కు లేదు. హెక్సామెథోనియం నోటి ద్వారా సరిగా ఎక్కదు, సూది పొడవాలి. మెకామిలమైన్ మాత్రగా పనిచేసింది కానీ మెదడులోకీ పోయి వణుకు, తికమక తెచ్చింది. ట్రైమెథాఫాన్ సెలైన్‌లో ఎక్కించి ఆపరేషన్లో రక్తం తక్కువ పోయేలా బీపీ దించేవాళ్లు, బృహద్ధమని పొర చీలినప్పుడూ వాడారు. ఆపితే ప్రభావం తొందరగా పోవడం దాని సుగుణం. తర్వాత మంచి మందులొచ్చి వీటిని పక్కకు నెట్టాయి.

పొగాకులోని నికోటిన్ పట్టుకునేదీ ఇదే రిసెప్టర్‌ను. మొదట రెచ్చగొడుతుంది, మోతాదు బాగా పెరిగితే అదే మూసేస్తుంది. మొదటిసారి బీడీ కాల్చిన పిల్లగాడికి చెమటలు, వాంతులు ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పు.

ఆదివారం హనుమకొండ రా. మీ పెద్దనాన్న ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వేసుకుంటున్నాడు, అది గాంగ్లియన్ మందు కాదు, కానీ లేస్తే బీపీ పడే గుణం దానికీ ఉంది. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ ఒకసారి చూడు, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడు. పైది 20 గానీ కిందిది 10 గానీ తగ్గితే రాసిపెట్టు. బీపీ పట్టీ నువ్వే కట్టాలి, నా చెయ్యి వణుకుతోంది ఈ మధ్య.

నీ పెద్దమ్మ