క్రాన్‌బెర్రీ కోసం మామిడి కొట్టద్దు

ప్రశ్న: సార్, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. రెండున్నర ఎకరాల తోతాపురి తోట ఉంది. పోయిన అక్టోబరులో అమెరికా విస్కాన్సిన్‌లో ఉండే మా పెద్దోడి దగ్గరికి పోయినప్పుడు క్రాన్‌బెర్రీ తోట చూసినాము. మడి నిండా నీళ్ళు, వాటి మీద ఎర్రటి కాయలు తేలతా ఉంటే కళ్ళు చెదిరినాయి. ఇక్కడ మామిడికి రేటు లేదు, మందుల ఖర్చు తగ్గలేదు. చెట్లు కొట్టేసి అది పెడితే ఎట్లుంటుంది? నీళ్ళలో పెరిగే పంట గదా, పురుగు తక్కువేనా?

జవాబు: గొడ్డలికి పదును పెట్టకముందే ఉత్తరం రాసినారు, సంతోషం. క్రాన్‌బెర్రీ మన దగ్గర రాదు. హార్స్‌లీ కొండ మీది చలికి కూడా రాదు. ఆ తీగకు శీతకాలంలో వెయ్యి గంటలకు పైగా 7 డిగ్రీల లోపు చలి తగలాల. నేల పుల్లగా ఉండాల, ఉదజని సూచిక (pH) 4 నుంచి 5.5 లోపల. మన బోరు నీళ్ళు కాగబెడితే గిన్నె అడుగున తెల్లగా అట్ట కడుతుందే, ఆ సున్నపు నీళ్ళు పారిస్తే ఆకు పసుపు తిరుగుతుంది.

ఇంకోటి, అది నీళ్ళలో పెరిగే పంట కాదు. మీరు చూసింది కోత. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ మడిలో నీళ్ళు నిలవవు. కాయలో నాలుగు గాలి గదులుంటాయి. నీళ్ళు పెట్టి తీగను కదిలిస్తే కాయ ఊడి పైకి తేలుతుంది. చలికాలంలో మళ్ళా నీళ్ళు కట్టేది చలికి తీగ మాడకుండా. అవి గడ్డకట్టినాక కొన్నేళ్ళకోసారి ఆ ఐసు మీద ఇసుక పోస్తారు. ఐసు కరిగితే ఇసుక కిందికి దిగి, రాలిన ఆకునూ అందులో దాక్కున్న పురుగునూ కప్పేస్తుంది.

పురుగు తక్కువా అంటే, ఎక్కడ తక్కువ! కాయతొలుచు పురుగు పిందె కొన గుంటలో గుడ్డు పెడుతుంది. వాళ్ళు పిందెలు కోసి భూతద్దం కింద గుడ్లు వెతుకుతారు. పూతకు ముందు చేతివలను తీగల మీద పాతికసార్లు ఊపి, పడిన పురుగులు లెక్కపెడతారు. లెక్క దాటితేనే మందు. పూత మీద తేనెటీగను చంపే మందు జోలికి పోరు. అద్దెకు తెచ్చిన తేనెటీగల పెట్టెలు గట్టునే ఉంటాయి. తీగను అక్కడే వదిలేసి, ఈ లెక్క అలవాటు తెచ్చుకోండి.

నేను దెబ్బ తిని నేర్చుకున్నా. దామలచెరువు దగ్గర మా తోటలో ఒక ఏడు నిండు పూత మీద, మందుల కొట్టాయన ఇచ్చిన మూడు సీసాలూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టించినా. పూత నిలిచింది, పిందె నిలవలేదు. చెట్ల కింద చచ్చిన ఈగలు, తేనెటీగలు కాదు మామూలు ఈగలే, చీపురుతో ఊడ్చేంత పడున్నాయి. మామిడి పూతకు పరాగం మోసేది ఎక్కువగా ఆ ఈగలే!

పూత రసం పీల్చే తేనెమంచు పురుగు ఉందో లేదో చెవికే తెలుస్తుంది. పొద్దున్నే కొమ్మ తట్టండి, సన్నచినుకు పడినట్టు టపటపమని ఎగురుతాయి. పూగుత్తి బయటపడేటప్పుడు కింద తెల్ల తువ్వాల పట్టి తట్టండి. గుత్తికి ఐదారు దాటితే, పూలు విచ్చకముందే ఇమిడాక్లోప్రిడ్ మందు లీటరు నీళ్ళకు 0.3 మిల్లీలీటరు కలిపి, మొదలూ కొమ్మలూ తడిసేటట్టు కొట్టండి. అసలు పని జూలైలో, కాయ కోసినాక ఉంది. లోపలి గుబురు కొమ్మలు తీసేయండి. మొదలు దాకా ఎండ పడితే దానికి దాక్కోను చోటుండదు. ఈ కూలి దగ్గర పిసినారితనం చేసి, అంతకు మూడింతలు మందులకు పోస్తాం మనం.

పండు ఈగకు రాలిన కాయలు ఏరి పూడ్చండి, మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర పెట్టిన బుట్టలు కట్టండి. వాటిలో పడేది మగ ఈగలే, గుడ్డు పెట్టే ఆడది పక్క తోట నుంచి వస్తుంది, కాబట్టి పక్క తోటలోళ్ళనూ కట్టమనండి.

రేటు సంగతి నాకూ మంటే. 2025లో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, కలిపి కిలోకి 12 రూపాయలు ప్రకటిస్తే గాని గతి లేకపోయింది. అయినా కొట్టేసే బదులు పదిపదిహేను చెట్లకు తల తీసి, చిగుళ్ళకు బేనీషా (బంగినపల్లి) అంటు కట్టించండి.

ఎర్రటి పుల్లకాయ మీదే మనసుంటే గట్టు మీద వాక్కాయ పెట్టండి, మన గుట్టల్లో కలే కాయకు దగ్గర చుట్టం. బేకరీ కేకు మీద చెర్రీ అని మనం తినేది చాలాసార్లు ఇదే, పాకంలో నానబెట్టి రంగేసింది. తొలకరిలో మీటరుకొక మొక్క నాటితే మూడో ఏటికి కాపు, అప్పటికి మేకలు దూరని ముళ్ళ కంచె కూడా. కోసేటప్పుడు పాలు కారి బట్టలకు అంటితే ఒక పట్టాన వదలవు, పాత చొక్కా వేసుకుని దిగండి.