ఆ మాటకు అర్థం వెతకడం ఆపండమ్మా

తిరుపతి నుంచి ఒక ఇల్లాలు రాశారు. పెళ్లయి నాలుగేళ్లు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు బంధువులంతా వచ్చిన రోజు రాగి సంగటి ఉండలు కట్టిందట. పదిమందిలో భర్త, "వాళ్లమ్మ సంగటి కెలకడం కూడా నేర్పలేదు, ఏం చేస్తాం" అని నవ్వారట. ఈమె తెడ్డు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. రాత్రి కన్నీళ్లు పెట్టుకుంటే, "నువ్వు మరీ సెన్సిటివ్" అన్నారట. ఆ మాట పొగడ్తా, తిట్టా, ఈ గుణం తగ్గించుకునేదెట్లా అని అడుగుతున్నారు.

అమ్మా, అర్థం చెప్పేస్తాను. ఎదుటివాళ్ల బాధను ఇట్టే పసిగట్టే మనిషిని ఇంగ్లిషులో సెన్సిటివ్ అని మెచ్చుకుంటారు. ప్రతిదానికీ నొచ్చుకుంటారని విసుక్కునేటప్పుడూ అదే మాట. ముందు 'టూ' తగిలిస్తారు, మన 'మరీ' లాగా. చల్లనీళ్లకు జివ్వుమనే పళ్లూ సెన్సిటివే. సెన్సిబుల్ వేరు, అది వివేకం. ఇది జబ్బు కాదు, దీనికి మాత్రలు లేవు.

అత్తిపత్తినీ ఇంగ్లిషులో సెన్సిటివ్ ప్లాంట్ అంటారు. హాని లేకుండా ఒకే తీరుగా పదేపదే తాకితే ఆ మొక్క కూడా ముడుచుకోవడం తగ్గిస్తుంది. నాలుగేళ్లయినా మీరు ముడుచుకుంటున్నారంటే, తగులుతున్నది నొప్పించే మాటే.

ఉత్తరంలో రెండు పేజీలు అత్తగారి మీదే నింపారు. ఆమెను వదిలేయండి. "ఊరుకో రా, పండగపూట" అని కొడుకును ఆపింది ఆమేనని మీరే రాశారు. చిక్కంతా మీ ఆయనతోనే. సంగటి బాగాలేదంటే పడాలి, వండిన చేతికి ఆ మాట తప్పదు. కన్నతల్లి పెంపకాన్ని అందరి ముందూ ఎత్తిపొడిస్తే నొచ్చుకోని ఆడపిల్ల ఎవరుంటారు? అన్నది తప్పని ఒప్పుకోలేక ఆయన మీకో పేరు పెట్టారు. మీరేమో ఆ పేరు పట్టుకుని నన్ను అర్థం అడుగుతున్నారు.

మీ తప్పూ ఉంది. మూడు రోజులు అలిగి మాట్లాడలేదన్నారు. ఎందుకో ఆయనకు తెలిసిందా? పాప నిద్రపోయాక మేడ మీదకు పిలిచి నిదానంగా చెప్పండి: "నా వంటను ఏమైనా అనండి. మా అమ్మను పదిమందిలో అన్నారు, అది తప్పు." మళ్లీ సెన్సిటివ్ అంటే, "అవును, సెన్సిటివ్‌నే. ముందు మా అమ్మను అన్న మాట సంగతి తేల్చండి" అని అక్కడే నిలబడండి. ఆయనతో తేలేదాకా పుట్టింటికి ఫోన్ చేసి మాత్రం చెప్పొద్దు.