బిగ్ బెండ్ వెళ్ళే మేనకోడలికి

చిరంజీవి లహరికి,

అత్తయ్య ఆశీస్సులు. మార్చి సెలవుల్లో స్నేహితురాళ్ళతో కలిసి బిగ్ బెండ్ జాతీయ పార్కుకు వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. టెక్సాస్‌లో చదువుకుని, ఆ పార్కు మొహం చూడకుండానే ఉద్యోగాల్లో పడిపోయిన పిల్లలు ఎంతమందో! మీరు తప్పకుండా వెళ్ళండి. అయితే అది ఊరి పక్క గుట్ట కాదు. ఎనిమిది లక్షల ఎకరాల ఎడారి, దాని నడుమ చిసోస్ కొండలు, దక్షిణాన రియో గ్రాండే నది, అవతల మెక్సికో. అక్కడ నీళ్ళైనా, పెట్రోలైనా, పగటి వెలుగైనా తిరిగి రావడానికి ఎంత కావాలో ముందు పక్కన పెట్టి, మిగిలినదాన్నే ఖర్చు పెట్టుకోవాలి. నేను చెప్పేదంతా ఈ లెక్క గురించే.

ముందు ప్రయాణం. డాలస్ నుంచి తొమ్మిది, పది గంటలు పడుతుంది. తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడేలోగా గుడారం వేసుకునేలా చూసుకోండి. రాత్రిపూట ఆ రోడ్ల మీదికి జింకలు, జావెలీనాలు వస్తాయి. జావెలీనా అంటే చూడడానికి అడవిపందిలా ఉండే జంతువు. దారిలో వచ్చే ఫోర్ట్ స్టాక్‌టన్ ఊళ్ళో ఒకసారి, మారథాన్ ఊళ్ళో మళ్ళీ ఒకసారి ట్యాంకు నింపండి. మారథాన్ నుంచి పార్కు ప్రధాన కార్యాలయం ఉన్న పాంథర్ జంక్షన్‌కు 70 మైళ్ళు, మధ్యలో ఏమీ ఉండదు. పార్కులో పెట్రోలు దొరుకుతుంది కానీ, అక్కడ ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్ళి రావడానికే పూట పడుతుంది.

గుడారానికి చోటు ముందే బుక్ చేసుకోండి. మార్చి సెలవుల్లో అప్పటికప్పుడు వెళ్తే దొరకదు. కొండల మధ్య ఉన్న చిసోస్ బేసిన్ నాకు అన్నిటికన్నా ఇష్టం. కానీ నిర్మాణ పనుల కోసం దాన్ని మూసే కాలం ఉంటుంది కాబట్టి పార్కు అధికారిక వెబ్‌సైటులో చూసుకున్నాకే నిర్ణయించుకోండి. అది మూసి ఉంటే నది ఒడ్డున రియో గ్రాండే విలేజ్ ఉంది. రెంటికీ ఎత్తులో మూడు వేల అడుగులకు పైగా తేడా. నది దగ్గర మధ్యాహ్నం మాడిపోతుంటే, కొండమీద రాత్రి వణుకు పుడుతుంది. అందుకని పలచటి నూలు బట్టలూ పెట్టుకో, ఉన్ని టోపీ, దళసరి స్వెట్టరూ పెట్టుకో.

నీళ్ళ విషయంలో మాత్రం నా మాట జవదాటవద్దు. మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు. బరువని ఒక సీసా కారులో వదిలేసి వెళ్ళవద్దు. దారిలో ఊట ఉందని మ్యాపులో కనిపిస్తుంది, వెళ్ళి చూస్తే ఎండిపోయి ఉండవచ్చు. సగం నీళ్ళు అయిపోయాయంటే, శిఖరం ఎంత దగ్గరలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. దాహం వేసినా వేయకపోయినా గుక్కెడు తాగుతూ ఉండాలి. ఒట్టి నీళ్ళే తాగుతూ పోతే నీరసం వస్తుంది, చెమటలో ఉప్పు పోతుంది కదా. పులిహోర, ఉప్పు శనగలు, వేయించిన పల్లీలు దగ్గర ఉంచుకోండి.

మొదటిరోజు లాస్ట్ మైన్ అనే కొండ దారి ఎక్కండి. రానూపోనూ 4.8 మైళ్ళు, ఎక్కడం 1,100 అడుగులు. పొద్దున్నే వెళ్ళకపోతే కారు నిలపడానికి చోటుండదు. విండో దారి అలా కాదు. పోయేటప్పుడు అంతా దిగుడే, కబుర్లు చెప్పుకుంటూ హాయిగా నడుస్తారు. చివర రెండు బండల మధ్య సందులోంచి కింద ఎడారి కనిపిస్తుంది. బేసిన్‌లో పడిన వాననీరంతా ఆ సందులోంచే దూకుతుంది కాబట్టి అక్కడి రాయి అద్దంలా నున్నబడింది. అంచుకు వెళ్ళవద్దు. అసలు కష్టం వెనక్కి తిరిగాక మొదలవుతుంది. కాళ్ళు అలిసిపోయి, ఎండ నడినెత్తికి వచ్చాక, దాదాపు వెయ్యి అడుగులు ఎక్కాలి. అందుకే దాన్ని తెల్లవారగానే మొదలుపెట్టండి. సౌత్ రిమ్ దారి రానూపోనూ 12 మైళ్ళకు పైనే. నలుగురిలో ఒక్కరికి అలవాటు లేకపోయినా ఈసారికి దాన్ని వదిలేయండి.

దారి పక్కన మోకాలి కంటే తక్కువ ఎత్తులో, కత్తుల్లా నిలబడిన ఆకుల గుబుర్లు కనిపిస్తాయి. అది లెచుగియా. ప్రతి ఆకు కొసనా గట్టి ముల్లు ఉంటుంది. జీన్స్ ఆపదు, మెత్తటి బూటు పక్కభాగమూ ఆపదు. ఫొటో కోసమని వెనక్కి అడుగులు వేసేవాళ్ళకే ఎక్కువగా గుచ్చుకుంటుంది. ఒక చిన్న పట్టకారు, పాత దువ్వెన సంచిలో వేసుకో. కాలికి అంటుకున్న నాగజెముడు ముక్కను వేళ్ళతో పీకకుండా దువ్వెనతో తీసేయవచ్చు.

చిసోస్ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఒకప్పుడు అంతరించిపోయి, 1980ల చివర్లో మెక్సికో వైపు నుంచి మళ్ళీ వచ్చాయి. ప్రతి గుడారం దగ్గరా ఇనుప పెట్టె ఉంటుంది. తిండే కాదు, ఆవకాయ సీసా, కొబ్బరినూనె, టూత్‌పేస్టు, సబ్బు, వాసన వచ్చేవన్నీ అందులోనే ఉండాలి. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుకు చివరికి ప్రాణం మీదికి వస్తుంది. ఎదురుపడితే పరుగెత్తవద్దు. అందరూ దగ్గరగా నిలబడి, చేతులెత్తి గట్టిగా అరవండి.

కట్టెల మంట వేసుకోవాలని ఆశపడవద్దు, పార్కు అంతటా అది నిషేధం. 2019 మేలో నది అవతల మొదలైన మంట ఇటు దాటి వచ్చి, పార్కులోని కాస్టలన్‌లో నూరేళ్ళ నాటి కట్టడాన్ని కాల్చేసింది. గ్యాసు పొయ్యి తీసుకెళ్ళండి. బేసిన్ ఎత్తులో కుక్కరు లేకుండా కందిపప్పు త్వరగా ఉడకదు, అదీ గుర్తుంచుకోండి.

మంట లేకపోవడమే మేలు తల్లీ, ఆకాశం కోసం. అంత చీకటి ఉన్న జాతీయ పార్కు అమెరికా ప్రధాన భూభాగంలో మరొకటి లేదు. మీరు వెళ్ళేది ఉగాది ముందు రోజుల్లో కాబట్టి వెన్నెల అడ్డు రాదు. చీకటి పడగానే పడమట కృత్తిక, రోహిణి, ఆర్ద్ర వరసగా కనిపిస్తాయి. తెల్లవారడానికి ముందు లేస్తే ఆగ్నేయాన పాలపుంత లేచి ఉంటుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి, చీకటికి అలవాటు పడిన కళ్ళు చెదరకుండా ఉంటాయి.

ఇక కాగితాలు. పార్కు నుంచి ఉత్తరానికి వచ్చే రోడ్ల మీద సరిహద్దు గస్తీవాళ్ళు ప్రతి కారునూ ఆపి పౌరసత్వం అడుగుతారు. అసలు పాస్‌పోర్టు, కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 ప్రింటు చేతిలో ఉండాలి. ఫోనులో ఫొటోలు ఉన్నాయిలే అనుకోవద్దు. బోకియాస్ దగ్గర పడవెక్కి మెక్సికో పల్లెకు వెళ్ళి రావచ్చని ఎవరైనా అంటారు. మీలో ఎవరి వీసా ముద్ర గడువు తీరినా నది దాటవద్దు. దానికి బదులు ఇటు ఒడ్డునే వేడినీటి ఊట ఉంది. 105 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ళలో కాళ్ళ నొప్పులన్నీ పోతాయి.

పార్కులో చాలాచోట్ల ఫోను పనిచేయదు. ఏ రోజు ఏ దారిలో నడుస్తారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ముందే నాకు రాసి పంపు. తిరిగి వచ్చేటప్పుడు మారథాన్ చేరగానే మీ నాన్నకన్నా ముందు నాకు ఫోను చెయ్యి.

ప్రేమతో,
అత్తయ్య