చంపా గుళ్లు, చదువుల గుడి, టెట్ పండగ: వియత్నాం వెళ్లేవారి ప్రశ్నలు

ప్రశ్న: డా నాంగ్‌లో రెండు రోజులుంటాం. దగ్గర్లోని మీ సన్ (My Son) అనే చోటున్న పాత శివాలయాల్లో కూలిన గోడలే తప్ప చూడ్డానికేమీ లేదంటున్నారు. వెళ్లడం దండగేనా?

జవాబు: దండగ కానే కాదు. కాకపోతే అందరూ నేరుగా మీ సన్‌కే పోయి, ఏం చూశామో తెలియక తిరిగొస్తారు. మీరు మొదటి రోజు డా నాంగ్‌లోని చామ్ శిల్పాల మ్యూజియం చూడండి, మర్నాడు పొద్దున్నే మీ సన్‌కు బయల్దేరండి. చామ్‌లంటే ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు ప్రజలు. 1919లో తెరిచిన ఆ మ్యూజియానికే మీ సన్ శిల్పాల్లో మేలైనవి చాలావరకు చేరాయి. మీ సన్‌లో ‘ఈ1’ (E1) అని పేరు పెట్టిన ఆలయం నుంచి తెచ్చిన పీఠం దగ్గర కాసేపు ఆగండి. ధ్యానంలో ఉన్న మునులు, వాయిద్యాలు వాయిస్తున్న మునులు దాని చుట్టూ కనిపిస్తారు. అదే ఆలయ ద్వారం పైనుంచి తెచ్చిన ఫలకం మీద శేషశయనుడు, ఆయన నాభి కమలంలోంచి పుడుతున్న బ్రహ్మ ఉంటారు. ఇవి కళ్లలో ఉంటే మర్నాడు ఖాళీ గోడలు కూడా అర్థమవుతాయి.

మీ సన్‌లో చంపా రాజు భద్రవర్మ 4వ శతాబ్ది చివర భద్రేశ్వరుడికి కట్టించిన గుడి కొయ్యది. అది కాలిపోయాక 7వ శతాబ్దిలో శంభువర్మ ఇటుకతో కట్టించాడు. ఇప్పుడున్న గుళ్లను ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు గుంపులుగా విడదీసి ఏ, బి, సి అని అక్షరాలు పెట్టారు. బోర్డుల మీదా అవే ఉంటాయి. టైము తక్కువైతే బి, సి, డి గుంపులు చాలు. బి5ని వదలొద్దు: పూజాసామగ్రి దాచే కోశగృహం అది, పైకప్పు పడవ ఆకారంలో వంపు తిరిగి ఉంటుంది. ఇటుకల మధ్య సున్నం గీత కనబడదు, దగ్గరికెళ్లి చూడండి. కానీ ఆనుకోవద్దు, గోకొద్దు. అన్నిటికంటే గొప్పదైన ఏ1 గోపురం 1969 ఆగస్టులో అమెరికా బాంబు దాడిలో కూలింది. బాంబులు పడిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఏ, హెచ్, కె గుంపులను బాగుచేసింది. ఆ పనుల్లోనే 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది.

మీ సన్ పక్క ఊరు హోయి ఆన్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. చుట్టూ కొండలున్న లోయ కాబట్టి పది దాటితే ఉక్కపోత భరించలేరు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ ప్రాంతంలో వానలు, వరదలు ఎక్కువ. ఆ రోజుల్లో ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

ప్రశ్న: అక్కడి లింగానికి అభిషేకం చేయొచ్చా?

జవాబు: వద్దు. నిత్యపూజలు ఆగిపోయిన రక్షిత స్థలం అది. పాలు, నీళ్లు పోస్తే తడి నిలిచి రాయీ ఇటుకా నాచు పడతాయి. నిలబడి దణ్ణం పెట్టుకోండి. చామ్ హిందువుల పూజ కళ్లారా చూడాలంటే ఫాన్ రాంగ్ ఊరి దగ్గరి పో క్లాంగ్ గరాయ్ ఆలయానికి చామ్‌ల కాటే పండగప్పుడు వెళ్లండి. చామ్ పంచాంగంలో ఏడో నెల మొదట్లో వస్తుంది, అంటే సెప్టెంబరు చివర లేదా అక్టోబరు. దేవుడి వస్త్రాలు ఊరేగింపుగా వస్తాయి, విగ్రహానికి స్నానం చేయించి తొడుగుతారు. గర్భగుడి ఇరుకు, గుమ్మానికి అడ్డం పడి ఫొటోలు తీయకండి.

ప్రశ్న: హనోయ్ చదువుల గుడిలో తాబేళ్ల తల నిమిరితే పరీక్ష పాసవుతారట. నిజమేనా?

జవాబు: ఆ నమ్మకం ఉంది, ఆ నిమరడం వల్లే రాయి అరిగింది. అందుకే ఇప్పుడు అడ్డు కట్టారు, చెయ్యి చాపకండి. వాన్ మియెవ్ అని పిలిచే ఈ గుడిని 1070లో కన్ఫ్యూషియస్ పేర కట్టారు, 1076లో పక్కనే రాజవిద్యాలయం వెలిసింది. తాబేళ్ల మీద నిలిపిన 82 శిలాఫలకాల్లో 1442 నుంచి 1779 దాకా రాజు పెట్టిన పరీక్షల్లో నెగ్గిన పండితుల పేర్లు, ఊళ్లు ఉన్నాయి. అంతా చైనా లిపే, పరీక్షలు ఆ భాషలోనే జరిగేవి. గుడిలోని ఐదు ప్రాంగణాల్లో ఈ ఫలకాలున్నది మూడోది. చివరిదాన్ని 2000 నాటికి కొత్తగా కట్టారు, పాతదనుకోకండి. అగరువత్తులు ఒకటో మూడో వెలిగించండి. మంటను నోటితో ఊదకూడదు, చేత్తో విసిరి ఆర్పాలి.

ప్రశ్న: వియత్నాం కొత్త సంవత్సరం పండగ టెట్‌కు అక్కడి స్నేహితులు ఇంటికి రమ్మన్నారు. ఏం గుర్తుంచుకోవాలి?

జవాబు: 2027లో టెట్ ఫిబ్రవరి 6న. ఆ ఏడాది గడపలో మొదట అడుగుపెట్టిన మనిషిని బట్టే ఇంటి అదృష్టమని నమ్మకం కాబట్టి చాలామంది ఆ మనిషిని ముందే ఎంచుకుంటారు. మొదటి రోజు పొద్దున చెప్పకుండా వెళ్లి తలుపు తట్టకండి, ఏ గంటకు రమ్మన్నారో ఆ గంటకే వెళ్లండి. నలుపు, తెలుపు బట్టలొద్దు. పిల్లలకు ఎర్ర కవరులో కొత్త నోట్లు పెట్టి ఇవ్వండి. మీకెవరైనా ఇస్తే రెండు చేతులతో అందుకుని, ఇచ్చినవారి ఎదుట విప్పకండి. అన్నం గిన్నెలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చకండి, చనిపోయినవారి ముందు పెట్టే అన్నంలా ఉంటుంది. పండగ మూడు రోజులూ కొట్లు చాలావరకు మూసేస్తారు, రైలు టికెట్లు వారాల ముందే అయిపోతాయి.

ప్రశ్న: డబ్బు విషయంలో జాగ్రత్తలు?

జవాబు: అక్కడి డబ్బు డాంగ్. 20,000 డాంగ్ నోటు, 5,00,000 డాంగ్ నోటు రెండూ నీలమే. చీకట్లో టాక్సీ దిగుతూ ఒకదానికి బదులు ఇంకోటి ఇచ్చేయడం తరచూ జరిగే పొరపాటు. చిన్న నోటు వెనక హోయి ఆన్ జపాన్ వంతెన బొమ్మ ఉంటుంది. రెంటినీ పర్సులో వేర్వేరు అరల్లో పెట్టుకోండి.