పేరెంట్ క్లాసులోని యాట్రిబ్యూట్లు చైల్డ్ క్లాసుకు కాపీ అవుతాయా?

పైథాన్‌లో పేరెంట్ క్లాసు యాట్రిబ్యూట్లు (అంటే అందులో పేరు పెట్టి ఉంచిన విలువలు) చైల్డ్ క్లాసుకు కాపీ అవుతాయా, చైల్డ్‌లో మారిస్తే పేరెంట్‌లోనూ మారతాయా అని మీరు అడిగారు. కాపీ కావు. పేరెంట్‌లో మారడం, మారకపోవడం మాత్రం మీరు ఏ విధంగా మార్చారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ రెండో విషయాన్ని మన శిక్షణ కేంద్రాలలో దాదాపు ఎవరూ సరిగా చెప్పడం లేదన్నది నా గట్టి అభిప్రాయం.

నేను పనిచేసిన ఒక సంస్థలో కళాశాల గ్రంథాలయం కోసం ఒక ప్రోగ్రాము రాశాము. ‘సభ్యుడు’ పేరెంట్ క్లాసు. ‘విద్యార్థి’, ‘అధ్యాపకుడు’ దాని చైల్డ్ క్లాసులు. జావాలో ఎంతో అనుభవమున్న ఒక సహోద్యోగి పేరెంట్ క్లాసు పైభాగంలోనే గడువు 14 రోజులని, తీసుకున్న పుస్తకాలకు ఒక ఖాళీ లిస్టు అని రాశారు. ఒకే సభ్యుడితో టెస్ట్ చేసినంతకాలం అంతా సవ్యంగానే నడిచింది. గ్రంథాలయంలో వాడకం మొదలయ్యాక, ఒక విద్యార్థి పుస్తకం తీసుకోగానే అది అధ్యాపకులతో సహా అందరి ఖాతాలలోనూ కనబడింది. డేటాబేసులో తేడా వచ్చిందని అందరూ క్వెరీలు తిరగేస్తుండగా, నేను ఒక విద్యార్థి ఆబ్జెక్టుకూ ఒక అధ్యాపకుడి ఆబ్జెక్టుకూ ఉన్న పుస్తకాల లిస్టులను, ఆబ్జెక్టు గుర్తింపు సంఖ్యను చెప్పే ఐడీ ఫంక్షన్‌కు ఇచ్చి ప్రింట్ చేయించాను. రెండు చోట్లా ఒకే సంఖ్య వచ్చింది, అంటే రెండూ ఒకే లిస్టు. ఆ ఆబ్జెక్టుల డండర్ డిక్ట్ (__dict__, ఆబ్జెక్టు సొంత యాట్రిబ్యూట్లు ఉండే చోటు) తెరిచి చూస్తే, ‘పుస్తకాలు’ అన్న పేరే అందులో లేదు.

యాట్రిబ్యూట్‌ను చదివేటప్పుడు పైథాన్ ముందు ఆబ్జెక్టులో, తర్వాత దాని క్లాసులో, అక్కడా లేకపోతే వరుసగా పేరెంట్ క్లాసులలో వెతుకుతుంది. సెల్ఫ్ (self, అంటే ఆ ఆబ్జెక్టే) ద్వారా విలువను అసైన్ చేసినప్పుడు మాత్రం పైకి వెళ్లకుండా ఆ ఆబ్జెక్టులోనే కొత్త పేరు సృష్టిస్తుంది. అందుకే అధ్యాపకుడి ఆబ్జెక్టులో గడువును 30 చేసినా విద్యార్థుల గడువు 14గానే నిలిచింది. పుస్తకాల విషయంలో జరిగింది అపెండ్, అంటే ఉన్న లిస్టులోకే చేర్చడం. అసైన్‌మెంట్ లేదు కాబట్టి, వెతుకులాటలో దొరికిన పేరెంట్ లిస్టులోకే ప్రతి పుస్తకమూ చేరింది. ప్లస్ ఈక్వల్స్ (+=) ఇంకా ప్రమాదకరం: లిస్టుపై వాడితే అది పేరెంట్ లిస్టును మార్చడమే కాక, అదే లిస్టుకు ఆబ్జెక్టులో ఇంకో పేరు కూడా తగిలిస్తుంది.

మా సహోద్యోగి అజాగ్రత్తగా రాయలేదు. జావాలో క్లాసు లోపల స్టాటిక్ అనకుండా ప్రకటించిన ఫీల్డు ప్రతి ఆబ్జెక్టుకూ విడిగా ఏర్పడుతుంది. పైథాన్‌లో అదే చోట రాసినది క్లాసుకు చెందుతుంది. ఇంత ముఖ్యమైన తేడాను వదిలేసి, తండ్రి ఆస్తి కొడుక్కి వచ్చినట్టు అనే పోలికతో ఇన్‌హెరిటెన్స్ పాఠం ముగించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ పోలిక విన్న విద్యార్థి ఎవరి వాటా వారికి పంచేసినట్టే ఊహించుకుంటాడు.

లిస్టును పేరెంట్ డండర్ ఇనిట్ (__init__, ప్రతి ఆబ్జెక్టు తయారైనప్పుడు నడిచే ఫంక్షన్) లోకి మార్చి, సెల్ఫ్‌కు అసైన్ చేయడంతో మా సమస్య తీరింది. అయితే చైల్డ్ క్లాసు సొంత ఇనిట్ రాసుకుంటే, అందులో సూపర్ (super()) ద్వారా పేరెంట్ ఇనిట్‌ను మీరే పిలవాలి. జావాలో పేరెంట్‌కు ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ (ఇనిట్ లాంటిదే) ఉంటే కంపైలరే ఆ పిలుపును చేరుస్తుంది, పైథాన్ చేర్చదు. మరచిపోతే ఆ లిస్టు ఏర్పడదు, దాన్ని వాడబోయినప్పుడు యాట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. 2018లో పైథాన్ 3.7తో వచ్చిన డేటాక్లాస్ (ఇనిట్‌ను తానే రాసిపెట్టే సదుపాయం) అయితే ఖాళీ లిస్టును డిఫాల్ట్‌గా రాయగానే వేల్యూ ఎర్రర్ ఇచ్చి, ప్రతి ఆబ్జెక్టుకూ కొత్త లిస్టు తయారుచేసే డిఫాల్ట్ ఫ్యాక్టరీ వాడమంటుంది. కొత్తగా రాసే క్లాసులకు నేను దాన్నే సూచిస్తాను. మీ పాత కోడ్‌లో మాత్రం క్లాసు పైభాగంలో ఉన్న ప్రతి లిస్టునూ డిక్షనరీనీ ఈరోజే వెతికి, అది అందరికీ ఉమ్మడిగా ఉండాలా అన్నది ఒక్కొక్కటిగా తేల్చుకోండి.